చాకలి పేరిగాడి మాట: చెన్నపట్నంలో కథ నాటకమైనప్పుడు మన తెలుగుకు ఏమైంది

చెన్నపట్నం తెలుగువాళ్ళం కాబట్టి ఒక మాట మనందరికీ అలవాటే. బెజవాడ నుంచో హైదరాబాదు నుంచో చుట్టాలొస్తే, మనం నోరు తెరవగానే నవ్వుతారు. "వస్తా ఉండాడు" అన్నామంటే నవ్వు. "చెప్పినాను గదా" అంటే నవ్వు. మధ్యలో అరవం మాట దొర్లితే ఇంక చెప్పనక్కర్లేదు. పుస్తకంలో ఉండేదే తెలుగు, మన నోట్లో ఉండేది ఏదో కల్తీ సరుకు అన్నట్టు మనమే నమ్మేశాం.

అయితే ఈ నోటిమాటను పుస్తకంలోకి ఎక్కించవచ్చా, ఎక్కిస్తే ఎవరి నోటిమాటను ఎక్కించాలి అన్న గొడవ మొదట బాగా ముదిరిన ఊళ్ళలో మన చెన్నపట్నం ఒకటి. ఆ గొడవకు కారణం వ్యాకరణమూ కాదు, బడి పుస్తకమూ కాదు. నాటకం. కథను కథగా చెప్పుకున్నంత కాలం లేని చిక్కు, దాన్ని రంగం మీదికి ఎక్కించేసరికి వచ్చి కూర్చుంది.

కథకు లేని చిక్కు నాటకానికి ఎందుకొచ్చింది?

కథలో చెప్పేవాడు ఒకడే. రాజు మాట్లాడినా చాకలి మాట్లాడినా ఆ కథకుడి గొంతులోంచే రావాలి. "అంతట చాకలివాడు తన గోడు చెప్పుకొనెను" అని ఒక వాక్యం రాసేస్తే సరిపోయె. ఆ గోడు ఏ మాటల్లో చెప్పుకున్నాడో ఎవరూ అడగరు.

నాటకంలో ఆ కథకుడు లేడు. చాకలి తానే వచ్చి నిలబడాలి, తానే నోరు తెరవాలి. అప్పుడు ఏం మాట్లాడాలి? "నేను వచ్చుచున్నాను, బట్టలు తెచ్చుచున్నాను" అంటాడా? అంటే హాల్లో కూర్చున్నవాళ్ళు నవ్విపోతారు. "వస్తా ఉండా" అంటాడా? అంటే పండితులు కర్ర పుచ్చుకుంటారు. పందొమ్మిదో శతాబ్దం చివర తెలుగు నాటకం రాయబోయిన ప్రతివాడికీ ఈ ఇరకాటం ఎదురైంది.

నిజానికి మన దక్షిణదేశపు తెలుగుకు ఇది కొత్త సంగతేం కాదు. తంజావూరు మరాఠా రాజు శాహజీ (పాలన 1684–1712) తెలుగులో యక్షగానాలు రాశాడు. ఆయన 'పంచభాషా విలాసము'లో పాత్రలు సంస్కృతం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ మాట్లాడతాయి. కురవంజుల్లో సింగి, సింగడు వచ్చారంటే వాళ్ళ మాట తీరే వేరు. తంజావూరు దగ్గర మెలట్టూరులో నేటికీ నరసింహ జయంతికి భాగవత మేళ నాటకాలు తెలుగులోనే ఆడతారు, ఊరంతా తమిళం మాట్లాడేదైనా సరే. అంటే రంగం మీద ఎవరి మాట వాళ్ళు మాట్లాడటం ఈ ప్రాంతపు జనానికి ఎప్పుడో తెలుసు. తెలియనట్టు ఉన్నది అచ్చు పుస్తకానికే.

విక్టోరియా హాలూ, బళ్ళారివాళ్ళూ

సెంట్రల్ స్టేషన్ పక్కన, ఇప్పుడు రిప్పన్ బిల్డింగ్‌ను ఆనుకొని ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు మనకు తెలిసిందే. దానికి 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి. కట్టింది నంపెరుమాళ్ చెట్టిగారు. ఆనంద గజపతి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

1891లో ఆ హాల్లో బళ్ళారి నుంచి వచ్చిన సరసవినోదినీ సభవాళ్ళు తెలుగు నాటకాలు ఆడారు. ఆ సభకు పెద్ద ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912). వృత్తికి వకీలు. నలుడి కథను 'చిత్రనళీయం'గా, సారంగధరుడి కథను 'విషాద సారంగధర'గా రంగానికి మలిచినాయన. మన నాటకం మంగళంతోనే ముగియాలన్న పాత కట్టుబాటును కాదని, దుఃఖంతో ముగిసే నాటకం రాశాడు. సారంగధరుడి కథ జనానికి బాగా తెలిసిందే. కాళ్ళూ చేతులూ నరికించుకున్న ఆ పిల్లవాడికి సిద్ధుడి దయవల్ల అవయవాలు తిరిగొచ్చాయని కథలో చెప్పుకుంటారు. ఆ ఓదార్పును తీసేస్తే అదే కథ జనాన్ని ఎట్లా పట్టుకుంటుందో ఆచార్యులుగారికి తెలుసు. కథను నాటకం చెయ్యడమంటే సంభాషణలు రాయడం ఒక్కటే కాదు, ఎక్కడ ఆపాలో తేల్చుకోవడం కూడా.

ఆ ఆట చూసినవాళ్ళలో పమ్మల్ సంబంధ ముదలియార్ అనే తమిళ కుర్రవాడు ఉన్నాడు. అప్పటిదాకా నాటకాలంటే ఆయనకు చిన్నచూపు. చదువుకున్న పెద్దమనుషులు వేషం కట్టి ఆడటం చూసి మనసు మారింది. అదే ఏడాది జూలై 1న సుగుణ విలాస సభ పుట్టింది. నేటి తమిళ నాటకానికి అదే పునాది అని తమిళులే చెప్పుకుంటారు. తెలుగు నాటకం చూసి తమిళ నాటక సభ పుట్టిందన్నమాట. ఆ సభలో తరువాత తెలుగు నాటకాలూ ఆడారు. ఆచార్యులుగారి మేనల్లుడు బళ్ళారి రాఘవ కూడా ఆ వేదిక మీద నటించినవాడే.

క్రైస్తవ కళాశాల పండితుడి మడతపేచీ

ఇక అసలు మనిషి దగ్గరికొద్దాం. వేదం వేంకటరాయ శాస్త్రిగారు. ధర్మవరంవారు పుట్టిన 1853లోనే, చెన్నపట్నంలోనే పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితుడు. ఆ కాలేజీ అప్పటికి తాంబరం పోలేదు, జార్జిటౌన్‌లో హైకోర్టు ఎదురుగా ఉండేది. శాస్త్రిగారికి జ్యోతిష్మతి అని సొంత ముద్రణాలయం కూడా ఉండేది. రాసుకోవడం, అచ్చేసుకోవడం, వాదించుకోవడం అన్నీ ఈ ఊళ్ళోనే.

1891లోనే శాస్త్రిగారు శ్రీహర్షుడి 'నాగానందం' తెనిగించారు. ఆ నాటకం మూడో అంకంలో ఒక తాగుబోతు విటుడు వస్తాడు, శేఖరకుడని. కల్లు మత్తులో విదూషకుణ్ణి చూసి తన ప్రియురాలనుకుంటాడు. సంస్కృతంలో వాడు మాట్లాడేది ప్రాకృతం. తెలుగులో వాడిచేత ఏం మాట్లాడించాలి?

ఇక్కడ శాస్త్రిగారు తీసిన మడతపేచీ చూడండి. భరతుడి నాట్యశాస్త్రంలోనే ఏ పాత్రకు ఏ భాషో చెప్పి ఉంది. రాజులకు, పండితులకు సంస్కృతం. ఆడవాళ్ళకు, సేవకులకు రకరకాల ప్రాకృతాలు. మృచ్ఛకటికంలో శకారుడికి వాడిదే అయిన ఒక ప్రాకృతం. మరి సంస్కృతం తెలుగులోకి వస్తే గ్రాంథికం అవుతుంది కదా, ప్రాకృతం వస్తే ఏమవ్వాలి? నోటిమాటే అవ్వాలి. అది గ్రామ్యమని మీరు తోసేస్తే, కాళిదాసును, శూద్రకుణ్ణి కూడా తోసెయ్యండి. దీనికి ఆయన పెట్టిన పేరు పాత్రోచిత భాష. గొడవ ముదిరాక 'గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనము' అని తన వాదాన్ని ప్రత్యేకంగా రాశారు కూడా.

అంటే నోటిమాటను పుస్తకంలోకి తెచ్చినాయన తెచ్చింది శాస్త్రం పేరు చెప్పి. పండితుల కోటలోకి పండితుల తాళంచెవితోనే దూరినట్టు.

ఈయన కంటే ముందు ఎవరూ లేరని కాదు. కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో 1870ల్లోనే ప్రహసనాల్లో వ్యావహారికం వాడారు. కాని ప్రహసనమంటే నవ్వులాట, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. శాస్త్రిగారు పెద్ద నాటకంలో, రాజులూ మంత్రులూ ఉండే నాటకంలో వాడారు. గొడవంతా అందుకే.

ఓరుగల్లు కథ నాటకమైన తీరు

1897లో 'ప్రతాపరుద్రీయం' వచ్చింది. కథ అందరికీ తెలిసిందే: ఢిల్లీవాళ్ళు ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుపోతారు, మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరి, సుల్తాన్నే పట్టుకుపోతానని వీధుల్లో అరుస్తూ తిరుగుతాడు, విన్నవాళ్ళు వెర్రి అనుకుంటారు, చివరికి రాజును విడిపించుకొస్తాడు.

చరిత్రలో జరిగింది ఇది కాదు. 1323లో ఉలుఘ్ ఖాన్, అంటే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ఓరుగల్లు కోట గెలిచి ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి పంపించాడు. దారిలో నర్మదా తీరంలో ఆయన చనిపోయాడని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. తిరిగొచ్చింది లేదు. కాని జనానికి అది మింగుడుపడలేదు. 'ప్రతాపరుద్ర చరిత్రము' లాంటి పాత వచన గ్రంథాల నాటికే రాజు తిరిగొచ్చినట్టు కథ మారిపోయింది. శాస్త్రిగారు తీసుకున్నది శాసనపు చరిత్రను కాదు, జనం చెప్పుకున్న కథను. ధర్మవరంవారు కథలోని ఓదార్పును తీసేస్తే, శాస్త్రిగారు చరిత్రలో లేని ఓదార్పును నిలబెట్టారు. ఒకే తరం, రెండు దారులు.

మరి ఆ పిచ్చివాడి వేషం ఎక్కడిది? ఇక్కడ నాకు తోచింది చెబుతాను. ఉదయనుడి కథ గుర్తుందా? ఉజ్జయిని రాజు మాయ ఏనుగును ఎరగా పెట్టి ఉదయనుణ్ణి బంధిస్తాడు. మంత్రి యౌగంధరాయణుడు వికారపు పిచ్చివాడి రూపంలో ఆ ఊరు చేరి రాజును విడిపిస్తాడు. బంధీ అయిన రాజు, వెర్రి వేషపు మంత్రి, పేరు కూడా దాదాపు అదే. ఇదే కథతో భాసుడి 'ప్రతిజ్ఞా యౌగంధరాయణం' ఉంది గాని, భాసుడి నాటకాలు తిరువనంతపురం ప్రాంతంలో గణపతి శాస్త్రిగారికి దొరికి వెలుగులోకి వచ్చేసరికి 1909 దాటింది. 1897లో అది చూసి రాసే అవకాశం లేదు. కాని ఉదయనుడి కథ 'కథాసరిత్సాగరం'లో ఉంది, దాన్ని తెలుగు వచనంలోకి తెచ్చింది వేంకటరాయ శాస్త్రిగారే. కాబట్టి ఓరుగల్లు రాజు కథకు ఉజ్జయిని కథలోని ఎత్తు తెచ్చి అతికించారనుకోవడానికి ఆస్కారం బాగా ఉంది. అతుకు కనిపించదు, అదీ పనితనం.

ఇక చాకలి పేరిగాడు. వీడికి ప్రతాపరుద్రుడి పోలికలు ఉంటాయి. ఆ పోలికను యుగంధరుడు తన ఎత్తుగడలో వాడుకుంటాడు. వచన కథలో అయితే "రాజును పోలిన చాకలి" అని ఒక్క మాట సరిపోతుంది. రంగం మీద అట్లా కుదరదు. ముఖం చూస్తే రాజు, బట్టలు వేస్తే రాజు. మరి వీడు చాకలి అని చూసేవాడికి ఎట్లా తెలియాలి? నోరు తెరిస్తేనే తెలియాలి. కాబట్టి ఈ నాటకంలో పేరిగాడి నోటిమాట అలంకారం కాదు, కథ నడవడానికే అది కావాలి. పేరిగాడిచేత గ్రాంథికం పలికిస్తే నాటకమే కూలిపోతుంది. శాస్త్రం సంగతి అట్లా ఉంచి, ఆయన వాదానికి గట్టి సాక్ష్యం పేరిగాడే.

పేరిగాడు, వాడి మనుషులు మాట్లాడేది ఒక తీరు. ఢిల్లీ తురకలు మాట్లాడేది ఉర్దూ కలిసిన తెలుగు, ఇంకో తీరు. మంత్రి, కవి విద్యానాథుడు మాట్లాడేది గ్రాంథికం. ఒకే నాటకంలో ఇన్ని తెలుగులు.

ఆ మాట ఎవరిది?

మాండలిక చరిత్ర చూసేవాళ్ళం కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి.

పేరిగాడి మాట కాకతీయుల కాలపు ఓరుగల్లు మాట కాదు. ఆ కాలపు నోటిమాట జాడలు మనకు శాసనాల్లో అక్కడక్కడ దొరికేవే. 1897లో రాసిన పాత్ర 1897 నాటి మాటే మాట్లాడుతుంది. అట్లాగే ఢిల్లీ తురకల తెలుగు కూడా 1323 నాటిది కాదు, నాటకం చూసేవాళ్ళ చెవికి అలవాటైనదే కావాలి, లేకపోతే అది తురక తెలుగని వాళ్ళకు తెలియనే తెలియదు. కాబట్టి ఓరుగల్లు గురించి తెలుసుకోవడానికి ఈ నాటకం పనికిరాదు గాని, మన ముత్తాతల కాలంలో దక్షిణాది తెలుగు ఎట్లా వినిపించేదో తెలుసుకోవడానికి పనికొస్తుంది. నూరేళ్ళ కిందటి గొంతుకు రికార్డింగులు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, అది శాస్త్రిగారు విన్న మాట, చాకలి స్వయంగా రాసుకున్న మాట కాదు. రాసేవాడు తనకు వింతగా తోచిన పలుకుబడినే ఎక్కువ చేసి రాస్తాడు, తనకూ చాకలికీ ఒకటే అయినదాన్ని వదిలేస్తాడు. అగ్రహారంలోనూ చాకిరేవులోనూ ఒకేలా పలికే మాటలు ఎన్నో ఉంటాయి, నాటకం మాత్రం తేడానే చూపిస్తుంది.

రెండోది ఇంకా పెద్దది. ఈ లెక్కలో నోటిమాట కిందివాళ్ళకే. ఇంట్లో పెళ్ళాంతో "ఏమే, అన్నం పెడతావా?" అనే పండితుడు రంగం మీదికి రాగానే "వడ్డించెదవా?" అంటాడు. చాకలి మాత్రం ఇంట్లో ఎట్లా మాట్లాడతాడో రంగం మీదా అట్లానే. అంటే ఒకరికి రెండు భాషలు ఇచ్చి, ఇంకొకరికి ఒకటే ఇచ్చినట్టు. పైగా నోటిమాట వినపడితే నవ్వాలి అని చూసేవాడికి నేర్పినట్టు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన నవ్వు, మన "ఉండాడు" వినగానే చుట్టాలు నవ్వే నవ్వు, దానికి వేర్లు ఇలాంటి అలవాటులోనూ ఉన్నాయి.

అదే ఏడు, విజయనగరంలో

1897లోనే గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' మొదటి కూర్పు అచ్చయింది. 1892లో విజయనగరంలో ఆడిన నాటకమది. అంకితం ఆనంద గజపతికి, మన విక్టోరియా హాలుకు రాయి వేసిన మహారాజుకే.

ఆ నాటకం పుట్టింది పాత కథ నుంచి కాదు, ఒక లెక్కల కాగితం నుంచి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో కన్యాశుల్కం తీసుకుని జరిగిన బ్రాహ్మణ వివాహాల జాబితా మహారాజు తయారు చేయించారు. లెక్కకొచ్చినవి 1,034. ఈ సంగతి గురజాడ తన ఇంగ్లీషు పీఠికలో చెప్పారు. వెయ్యీ ముప్ఫైనాలుగు అని చదివితే ఎవరికీ కన్నీళ్ళు రావు. ఆ అంకెకు అగ్నిహోత్రావధాన్లని, బుచ్చమ్మని, సుబ్బి అని పేర్లు పెట్టి, వాళ్ళ మాట వాళ్ళచేత మాట్లాడిస్తే వస్తాయి. 1909లో ఇంకా పెంచి రాసిన రెండో కూర్పే మనం ఇప్పుడు చదివేది.

శాస్త్రిగారికీ గురజాడకీ తేడా అంతా ఇక్కడే ఉంది. కన్యాశుల్కంలో వేదం చదివిన అవధాన్లూ నోటిమాటే మాట్లాడతాడు, ఇంగ్లీషు ముక్కలు విసిరే గిరీశమూ నోటిమాటే, మధురవాణీ నోటిమాటే. పాత్రకో తీరు ఉంది గాని, ఒకడికి పుస్తకం మాట, ఇంకొకడికి నోటిమాట అన్న పంక్తిభేదం లేదు. కాబట్టి మాటను బట్టి నవ్వడం కుదరదు, మనిషిని బట్టి నవ్వాలి.

తలుపు తీసినాయనే అడ్డం నిలబడ్డాడు

తరువాత జరిగింది తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. గిడుగు రామమూర్తిగారి వ్యావహారిక వాదానికి ఎదురు నిలిచిన గ్రాంథికవాదులకు అదే బలం. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం ఇచ్చారు. ఈ పోరులో వేంకటరాయ శాస్త్రిగారు ఎటువైపు? గ్రాంథికం వైపు!

నాటకంలో చాకలికి నోరిచ్చినాయన, బడి పుస్తకంలో మాత్రం ఆ నోరు వద్దన్నాడు. రెండునాల్కల ధోరణి అని కొట్టిపారెయ్యొచ్చు గాని, ఆయన లెక్కలో తప్పేమీ లేదు. ఆయన ఇచ్చింది పాత్రకు, భాషకు కాదు. రంగం మీద చాకలి ఉన్నాడు కాబట్టి చాకలి మాట. వ్యాసం రాసేది పండితుడు కాబట్టి పండితుడి మాట. తలుపు తీశారు నిజమే, అది నాటకశాల తలుపు ఒక్కటే.

కాని ఒకసారి తెరిచాక తలుపు ఎవరి మాట వింటుంది? 'నాగానందం', 'ప్రతాపరుద్రీయం', 'ఉష' (1901), 'బొబ్బిలి యుద్ధం' (1916) చదివినవాళ్ళు, నెల్లూరులో ఆంధ్రభాషాభిమాని సమాజంవాళ్ళు ఆడగా చూసినవాళ్ళు, పేరిగాడి మాట అచ్చులో కూడా చక్కగానే ఉంటుందని ఒకసారి చూశాక మళ్ళీ చూడనట్టు ఉండలేరు. ఎవరు వద్దన్నా ఆ పని జరిగిపోయింది. శాస్త్రిగారు 1929లో పోయారు. ఆ తరువాతి తెలుగు వచనం ఎటు పోయిందో మనకు తెలుసు. ఈ వ్యాసం ఏ తెలుగులో ఉందో చూసుకోండి, చాలు.

మనకేం పని?

పని ఉంది. విజయనగరం మాటకు కన్యాశుల్కం ఉంది, కాబట్టి దాన్ని ఎవరూ కల్తీ అనరు. గురజాడ మాట అని గౌరవిస్తారు. మన చెన్నపట్నం, నెల్లూరు, చిత్తూరు వైపు మాటకు ఆ గౌరవం దక్కలేదు. పేరిగాడి నోట్లో పడి నవ్వులపాలైంది గాని, వేషం మారలేదు. మన చూళైలో, పెరంబూరులో, రాయపురంలో ఇళ్ళల్లో ఇప్పటికీ వినపడే తెలుగును రాజు పాత్రకో, హీరోయిన్‌కో, కనీసం పక్కింటి పెద్దమనిషికో ఇచ్చి రాసిన నాటకాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడా కనపడవు.

మన పిల్లలు తెలుగు అసోసియేషన్ వార్షికోత్సవాలకు నాటకాలు వేస్తారు. కథ ఏదైనా సరే, డైలాగులు మాత్రం టీవీ తెలుగులో రాసిస్తాం. పనిమనిషి పాత్రకో తాగుబోతు పాత్రకో మాత్రం మన యాస పెడతాం. నూటపాతికేళ్ళు దాటినా పేరిగాడి లెక్కే నడుస్తా ఉండాది. ఈసారి ఒక చిన్న పని చేసి చూడండి. అవ్వ చెప్పిన కథ ఒకటి తీసుకోండి, అవ్వ చెప్పిన మాటల్లోనే రాయండి. రాజుకు కూడా అదే మాట ఇవ్వండి. మొదటి రెండు నిమిషాలు నవ్వుతారు. తరువాత కథలో పడతారు.

మీ ఇళ్ళల్లో పాత నాటకాల పుస్తకాలు, తాతల నాటి ఆట కరపత్రాలు ఉంటే పారెయ్యకండి. ముందు అందులో పనివాళ్ళ పాత్రలు మాట్లాడే పేజీలు తీసి చదవండి, మీ అవ్వకు వినిపించండి. ఏ మాట మన ఇంట్లోది, ఏది కాదో ఆమె ఠక్కున చెప్పేస్తుంది. అది రాసి పెట్టండి. ఆ సాక్ష్యం ఏ నిఘంటువులోనూ దొరకదు.